హోల్కమ్ కోక్‌లు: ఒక ఇంగ్లీషు భూస్వామి రాజకీయం, అతని కుటుంబం, ఆ భూమి నడిచిన దారి

ఇంగ్లండ్ తూర్పున, ఉత్తర సముద్రపు ఒడ్డున ఉన్న నార్ఫోక్ కౌంటీలో హోల్కమ్ ఎస్టేటుకు 1776లో వారసుడైన థామస్ విలియం కోక్ చరిత్ర పుస్తకాల్లో ముగ్గురు వేర్వేరు మనుషులుగా కనిపిస్తాడు. వ్యవసాయ చరిత్ర రాసేవారికి ఆయన తేలిక ఇసుక నేలల్లో గోధుమ పండించిన ఆదర్శ భూస్వామి. రాజకీయ చరిత్రలో ఆయన దాదాపు అర్ధశతాబ్దం కామన్స్ సభలో, రాజు అధికారానికి హద్దులుండాలనే విగ్ పక్షాన కూర్చొని, అమెరికా స్వాతంత్ర్యాన్ని సమర్థించి, ఇస్తామన్న బిరుదులను కాదన్న స్వతంత్రుడు. కుటుంబ చరిత్రకు వచ్చేసరికి, 67వ ఏట 18 ఏళ్ల యువతిని పెళ్లాడి, తమ్ముడి కొడుక్కి పోవలసిన ఎస్టేటును తన సొంత కొడుక్కి దక్కేలా చేసుకున్న వృద్ధుడు. ఈ మూడు కథలనూ విడివిడిగా చదివితే ఏదీ పూర్తిగా అర్థం కాదు. ఆ భూమి ఆయనకు ఎవరి ద్వారా, ఏ షరతులతో వచ్చిందో తెలుసుకున్నప్పుడే ఆయన రాజకీయమూ, సేద్యమూ, పెళ్లీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్న సంగతి తెలుస్తుంది.

ఈ వంశానికి ఆస్తి సంపాదించి పెట్టినవాడు ఒక న్యాయవాది. 1552లో పుట్టి 1634లో మరణించిన సర్ ఎడ్వర్డ్ కోక్ ఇంగ్లండ్ ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశాడు, రాజు చట్టానికి అతీతుడు కాడని వాదించినందుకు 1616లో పదవి పోగొట్టుకున్నాడు, 1628లో పార్లమెంటు రాజు ముందుంచిన హక్కుల విజ్ఞాపన వెనుక ముఖ్యుడిగా నిలిచాడు. ఇంగ్లీషు భూమి హక్కుల చట్టానికి ఆయన రాసిన వ్యాఖ్యానాన్ని ఆ తరువాత రెండు శతాబ్దాల పాటు న్యాయవాద విద్యార్థులు కష్టపడి చదివారు. వృత్తిలో గడించిన డబ్బుతో ఆయన అనేక కౌంటీల్లో భూములు కొన్నాడు. తాత సంపాదించిన భూములనూ, రాజుకు లొంగని మనిషిగా తాతకు వచ్చిన పేరునూ వారసులు కలిపే ఉమ్మడి ఆస్తిగా చూసుకున్నారు. నూటయాభై ఏళ్ల తరువాత థామస్ విలియం విగ్ పక్షాన నిలబడినప్పుడు, అది ఆయన సొంత ఎంపిక ఎంతో, ఇంటి ఆనవాయితీ కూడా అంతే.

ఇక్కడ పాఠకులను తికమక పెట్టేది పేర్ల చిక్కు. ఈ కుటుంబంలో థామస్ కోక్‌లు ఇద్దరు ప్రసిద్ధులు, లెస్టర్ ఎర్ల్ అనే ప్రభు బిరుదు కూడా ఇద్దరికీ వచ్చింది. మొదటి థామస్ కోక్ 1697లో పుట్టాడు. యౌవనంలో ఆరేళ్ల పాటు యూరప్ యాత్ర చేసి, పుస్తకాలూ శిల్పాలూ చిత్రాలూ సేకరించి తెచ్చాడు. 1720లో సౌత్ సీ కంపెనీ వాటాలు కుప్పకూలినప్పుడు భారీగా నష్టపోయినా, 1734లో విలియం కెంట్ వంటి వాస్తుశిల్పుల సాయంతో హోల్కమ్ భవంతిని మొదలుపెట్టాడు. 1744లో ఆయనకు ఎర్ల్ బిరుదు దక్కింది. తన చుట్టూ తన ఇల్లు తప్ప మరో ఇల్లు కనబడదనీ, పొరుగువాళ్లందరినీ మింగేసిన రాక్షసుడిలా తాను ఒంటరిగా మిగిలాననీ ఆయన వాపోయినట్టు ఒక మాట ప్రచారంలో ఉంది. ఆ ఒంటరితనం ఇంట్లో కూడా నిజమైంది. ఒక్కగానొక్క కొడుకు ఎడ్వర్డ్‌కు 1747లో ఆర్గైల్ డ్యూక్ కూతురు లేడీ మేరీ క్యాంప్‌బెల్‌తో పెళ్లి చేస్తే, ఆ కాపురం మొదటి నుంచీ బెడిసికొట్టింది. ఎడ్వర్డ్ 1753లో పిల్లలు లేకుండా మరణించాడు. ఆరేళ్లకు, భవంతి పూర్తికాకముందే, తండ్రి కూడా పోయాడు. మగ సంతానం లేకపోవడంతో ఎర్ల్ బిరుదు అంతటితో ఆగిపోయింది.

బిరుదు ఆగినా భూమి ఆగలేదు. ఇంగ్లీషు భూస్వామ్య కుటుంబాల తీరు తెలియాలంటే ఈ తేడాను పట్టుకోవాలి. బిరుదు రాజు ఇచ్చేది, అది ఇచ్చిన పత్రంలో రాసిన మగ వరుసను బట్టి నడుస్తుంది. భూమి మాత్రం కుటుంబం రాయించుకున్న దస్తావేజును బట్టి నడుస్తుంది. పదిహేడో శతాబ్దం మధ్య నుంచి న్యాయవాదులు స్ట్రిక్ట్ సెటిల్‌మెంట్ అనే కట్టడిని అభివృద్ధి చేశారు. దాని ప్రకారం ఎస్టేటు ఎవరి చేతిలో ఉంటే వారికి జీవితకాల హక్కు మాత్రమే ఉంటుంది. రాబడి అనుభవించవచ్చు గాని తమంతట తాము అమ్మడానికి వీల్లేదు. వారి తరువాత అది పెద్దకొడుక్కి పోతుంది. ఆ పెద్దకొడుకు 21 ఏళ్లకు రాగానే, తండ్రీ కొడుకూ కలిసి కొత్త దస్తావేజు రాసుకొని, ఇంకా పుట్టని మనవడికి భూమిని కట్టబెడతారు. కొడుకు అందుకు ఒప్పుకోవడానికి తండ్రి అతనికి ఏటేటా కొంత భత్యం ఏర్పాటు చేస్తాడు. వితంతువుకు మనోవర్తి, చిన్న కొడుకులకూ కూతుళ్లకూ నగదు వాటాలు అదే పత్రంలో నిర్ణయమవుతాయి. ఈ పద్ధతిలో ప్రతి తరానికీ భూమి మీద పెత్తనం ఉంటుంది, పూర్తి యాజమాన్యం ఎవరికీ ఉండదు. నగదు వాటాలు ఎస్టేటు మీద అప్పులుగా పేరుకుపోతూ ఉంటాయి కాబట్టి, కూతుళ్ల పెళ్లిళ్లకు ఇచ్చే డబ్బు తరువాతి తరం కట్టే వడ్డీగా మారేది.

హోల్కమ్‌లో ఈ ఏర్పాటు ఎలా పనిచేసిందో చూద్దాం. 1759లో ఎర్ల్ మరణించాక ఆయన భార్య మార్గరెట్‌కు భవంతి మీద జీవితకాల హక్కు దక్కింది. ఆమె పదహారేళ్లు దానిని నిలబెట్టి, 1764లో కట్టడం పూర్తిచేయించింది. హోల్కమ్ గొప్పతనాన్ని వర్ణించేవారు కెంట్ పేరూ ఎర్ల్ పేరూ చెప్పి ఊరుకుంటారు గాని, అప్పుల మధ్య ఆ పనిని ముగించిన మార్గరెట్‌కు దక్కవలసిన గౌరవం ఇంకా పూర్తిగా దక్కలేదని నా అభిప్రాయం. 1775లో ఆమె పోయాక భూమి ఎర్ల్ సోదరి కొడుకు వెన్‌మన్‌కు వచ్చింది. ఆయన పుట్టుకతో రాబర్ట్స్. డర్బీషైర్‌లోని లాంగ్‌ఫర్డ్ ఎస్టేటు తల్లి తరఫు నుంచి దక్కినప్పుడే, 1750లో, మేనమామల ఇంటిపేరు కోక్ తీసుకున్నాడు. ఇంటిపేరు రక్తం వెంట కాకుండా భూమి వెంట నడవడం ఆ సమాజంలో వింతేమీ కాదు. ఆస్తి కావాలంటే పేరు మార్చుకోవలసిందేనని వీలునామాల్లోనే రాసేవారు. వెన్‌మన్ ఏడాది తిరగకుండానే 1776లో మరణించాడు. ఆయన కొడుకు, 22 ఏళ్లు నిండని థామస్ విలియం, హోల్కమ్‌కు యజమానీ, తండ్రి ఖాళీచేసిన నార్ఫోక్ కౌంటీ స్థానానికి పార్లమెంటు సభ్యుడూ అయ్యాడు. మార్గరెట్ ఇచ్చిన డబ్బుతో యూరప్ యాత్ర ముగించుకొని, రోమ్‌లో పోంపియో బతోని చేత చిత్రం గీయించుకొని ఆయన తిరిగివచ్చి అప్పటికి ఎంతోకాలం కాలేదు.

భూమితోపాటు పార్లమెంటు స్థానం కూడా దాదాపు వారసత్వంగా వచ్చిందంటే నేటి పాఠకులకు ఆశ్చర్యం కలగవచ్చు. నార్ఫోక్ వంటి కౌంటీకి కామన్స్ సభలో రెండు స్థానాలుండేవి. ఏడాదికి కనీసం 40 షిల్లింగులు రాబడి వచ్చే సొంత భూమి ఉన్న మగవారికే ఓటు. ఓటు బహిరంగంగా, అందరూ వినేలా చెప్పవలసి వచ్చేది, రహస్య ఓటు 1872లో గాని రాలేదు. కాబట్టి పెద్ద భూస్వామి మాట చుట్టుపక్కల చెల్లేది. అలాగని అది పూర్తిగా ఆయన చేతిలో ఉన్న సంగతి కూడా కాదు. వేలమంది ఓటర్లున్న కౌంటీలో ఓటర్ల ప్రయాణాలకూ, భోజనాలకూ, తాగుడుకూ అభ్యర్థి పెట్టవలసిన ఖర్చు ఎస్టేటును కుంగదీసేంతగా ఉండేది.

కోక్ విగ్ నాయకుడు చార్లెస్ జేమ్స్ ఫాక్స్ అనుచరుడు. అమెరికా యుద్ధం సాగుతున్న రోజుల్లో ప్రతి రాత్రీ జనరల్ వాషింగ్టన్ ఆరోగ్యం కోరుతూ మద్యపాత్ర ఎత్తేవాడినని ఆయనే తరువాత గర్వంగా చెప్పుకున్నాడు. ఆయన తొలి ఓటమికి మన దేశంతో నేరుగా సంబంధం ఉంది. 1783లో ఫాక్స్ ఈస్టిండియా కంపెనీ పాలనను పార్లమెంటు నియమించే కమిషనర్ల కిందికి తెచ్చే బిల్లు ప్రవేశపెట్టాడు. అప్పటికి మన ఉత్తర సర్కారుల్లో చాలాభాగం కూడా ఆ కంపెనీ చేతిలోనే ఉంది. కామన్స్ సభలో నెగ్గిన ఆ బిల్లును మూడో జార్జి రాజు ప్రభువుల సభలో ఓడగొట్టించి, మంత్రివర్గాన్ని తొలగించి, యువకుడైన పిట్‌ను ప్రధానిని చేశాడు. 1784 ఎన్నికల్లో ఫాక్స్ పక్షం వాళ్లు పెద్ద సంఖ్యలో స్థానాలు కోల్పోయారు. గాలి ఎటు వీస్తున్నదో చూసి కోక్ పోలింగుకు ముందే తప్పుకున్నాడు. 1790లో తిరిగి వచ్చి 1832 వరకూ కొనసాగాడు. మధ్యలో 1806 ఎన్నిక చెల్లదని తీర్పు వచ్చినప్పుడు, డర్బీ సభ్యుడైన తమ్ముడు ఎడ్వర్డ్ నార్ఫోక్‌కు మారగా, అన్న డర్బీ స్థానం తీసుకున్నాడు. కొన్ని నెలలకే జరిగిన సాధారణ ఎన్నికల్లో ఎవరి చోటికి వారు చేరారు. అన్నదమ్ములు పార్లమెంటు స్థానాలను ఇంటి గదుల్లా మార్చుకోగలిగిన ఆ వ్యవస్థ నుంచి వచ్చినవాడే 1832 నాటి ఓటుహక్కు సంస్కరణను మనస్ఫూర్తిగా సమర్థించాడు. ఈ రెండింటి మధ్య ఆయనకు వైరుధ్యం కనిపించలేదు. రాజుకూ మంత్రులకూ అడ్డుకట్టగా నిలిచేది సొంత భూమి ఉన్న స్వతంత్రులేనని ఆయన తరం విగ్‌లు నిజంగా నమ్మారు.

సేద్యం విషయంలో పురాణాన్నీ వాస్తవాన్నీ విడదీయడం ఇంకా అవసరం. కోక్ వచ్చేనాటికి హోల్కమ్ బీడు నేల అనీ, ఒక గడ్డిపోచ కోసం రెండు కుందేళ్లు కొట్లాడుకునేవనీ, నాలుగు పంటల మార్పిడిని ఆయనే కనిపెట్టాడనీ ఆయన అభిమానులు ప్రచారం చేశారు. గోధుమ తరువాత టర్నిప్ దుంప, ఆపైన బార్లీ, ఆ తరువాత క్లోవర్ అనే పశుగ్రాసం వేసే ఆ పద్ధతి నార్ఫోక్‌లో ఆయన పుట్టకముందే ఉంది. టర్నిప్ శీతాకాలంలో గొర్రెలకు మేత అవుతుంది, ఆ గొర్రెల ఎరువు పొలానికి చేరుతుంది, క్లోవర్ నేలకు నత్రజనిని తిరిగి ఇస్తుంది. పొరుగునున్న రేన్‌హమ్ ప్రభువు చార్లెస్ టౌన్‌షెండ్ 1730లలోనే దీనికి పేరు పడ్డాడు. హోల్కమ్‌లో సున్నపు పాలున్న మట్టి తోలి నేలను బాగుచేసే పని కూడా మొదటి ఎర్ల్ నాటిదే. కౌలు రాబడి 2,200 పౌండ్ల నుంచి 20,000 పౌండ్లకు పెరిగిందని నార్ఫోక్‌లోని నారిచ్ పట్టణపు వైద్యుడు ఎడ్వర్డ్ రిగ్బీ 1817లో రాసిన మాటను తరతరాలుగా అందరూ తిరగరాశారు. 1970లలో చరిత్రకారుడు ఆర్.ఎ.సి. పార్కర్ ఎస్టేటు లెక్కల పుస్తకాలను తెరిచి చూస్తే, 1776లోనే రాబడి 12,000 పౌండ్లకు పైగా ఉందనీ, నలభై ఏళ్లలో అది సుమారు రెట్టింపయిందనీ తేలింది. ఫ్రాన్సుతో యుద్ధం వల్ల ధాన్యం ధరలు ఆకాశాన్నంటిన కాలంలో ఇంగ్లండ్‌లో కౌళ్లు అంతటా పెరిగాయి.

మరి కోక్ చేసిందేమిటి? నా దృష్టిలో ఆయన అసలు ఘనత పద్ధతులు కనిపెట్టడంలో లేదు, వాటిని నలుగురికీ చేర్చడంలోనూ, కౌలుదారుకు భరోసా ఇవ్వడంలోనూ ఉంది. ఆయన 21 ఏళ్ల కౌళ్లు ఇచ్చాడు. వాటిలో పంటల వరుస ఎలా ఉండాలో షరతులు రాయించాడు. అంతకాలం భూమి తన చేతిలో ఉంటుందన్న నమ్మకం ఉంటేనే రైతు మట్టి తోలడానికీ, మందలు పెంచడానికీ డబ్బు పెడతాడు. ఇళ్లూ కొట్టాలూ కట్టడానికి యజమాని తరఫున భారీగా ఖర్చు చేశాడు. పాత నార్ఫోక్ గొర్రెల స్థానంలో సౌత్‌డౌన్ జాతినీ, డెవన్ జాతి పశువులనూ తెచ్చాడు. లక్షల సంఖ్యలో చెట్లు నాటించాడు. ప్రతి ఏటా గొర్రెల ఉన్ని కత్తిరించే రోజుల్లో రైతులనూ పండితులనూ విదేశీయులనూ పిలిచి, పొలాలు తిప్పి చూపించి, అందరికీ భోజనాలు పెట్టించేవాడు. 1821లో జరిగిన చివరి సమావేశానికి వేలమంది వచ్చారు. జీవితకాల హక్కు మాత్రమే ఉన్న మనిషి, అమ్ముకోవడానికి వీలులేని భూమి మీద ఇంత పెట్టుబడి పెట్టడం ఆలోచించదగ్గ విషయం. దస్తావేజు ఆయన చేతులు కట్టేసిన మాట నిజమే. అయితే తరువాతి తరం కోసం ఆలోచించే అలవాటు చేసింది కూడా అదే.

ఈ చిత్రంలో కూలీలకు చోటు తక్కువ. యుద్ధం ముగిసి ధాన్యం ధరలు పడిపోగానే, విదేశీ ధాన్యం దిగుమతిని అడ్డుకునే 1815 నాటి కార్న్ చట్టాన్ని కోక్ సమర్థించాడు. రొట్టె ఖరీదు పెరుగుతుందని మండిపడిన జనం అదే ఏడాది నారిచ్‌లో ఆయన మీద రాళ్లు రువ్వారు. ఆయనతో పాటు ఆ దాడికి గురైన స్నేహితుడు ఆల్బమార్ల్ ఎర్ల్ పేరు మళ్లీ ఈ కథలో వస్తుంది. అమెరికా రైతుల స్వేచ్ఛ కోసం గొంతెత్తిన మనిషి నారిచ్ నేతగాళ్ల రొట్టె దగ్గర భూస్వామిగానే ఓటు వేశాడు. ఆయన గొప్పతనాన్ని చెప్పేవారు ఈ సంగతిని దాటవేయకూడదు.

మెరుగుపరిచే భూస్వామి అనే ఈ ఆదర్శం సముద్రాలు దాటి మన దాకా కూడా వచ్చింది. భూమి మీద శాశ్వత హక్కు ఇస్తే జమీందారు ఇంగ్లీషు భూస్వామిలా సేద్యాన్ని అభివృద్ధి చేస్తాడన్న ఆశతో కారన్‌వాలిస్ 1793లో బెంగాలులో శాశ్వత శిస్తు పరిష్కారం తెచ్చాడు. 1802 నుంచి దాన్ని ఉత్తర సర్కారులకు విస్తరించారు. శిస్తు శాశ్వతంగా నిర్ణయమైంది గాని, 21 ఏళ్ల కౌలు వంటి భరోసా రైతుకు రాలేదు. హోల్కమ్‌ను నడిపించిన రెండు చక్రాల్లో ఒక్కటే మన గడ్డ మీదికి చేరింది.

ఇక కుటుంబం సంగతి. కోక్ 1775లో జేన్ డటన్‌ను పెళ్లాడాడు. వారికి ముగ్గురు కూతుళ్లు, కొడుకులు లేరు. పెద్దమ్మాయి జేన్ భర్త, ఆండోవర్ వైకౌంట్, 1800లో వేటకు వెళ్లి తుపాకీ ప్రమాదంలో మరణించాడు. అదే ఏడాది తల్లి కూడా పోయింది. రెండో అమ్మాయి ఆన్ పదిహేనేళ్లకే ఆన్సన్ కుటుంబానికి కోడలైంది, ఆమె కొడుకు తరువాత లిచ్‌ఫీల్డ్ ఎర్ల్ అయ్యాడు. చిన్నమ్మాయి ఎలిజబెత్ 1822లో స్పెన్సర్ స్టాన్‌హోప్‌ను పెళ్లాడింది. కూతుళ్లకు మంచి సంబంధాలు కుదిరాయి, కట్నాలు ముట్టాయి. హోల్కమ్ మాత్రం వారిలో ఎవరికీ రాదు. తమ్ముడు ఎడ్వర్డ్ కొడుకు విలియం వారసుడని ఇరవై ఏళ్లకు పైగా అందరూ అనుకుంటూ వచ్చారు.

అటువంటి స్థితిలో 1822 ఫిబ్రవరిలో, భార్య పోయిన ఇరవై రెండేళ్లకు, కోక్ తన స్నేహితుడు ఆల్బమార్ల్ ఎర్ల్ కూతురు లేడీ ఆన్ కెప్పెల్‌ను పెళ్లాడాడు. ఆమె ఆయన చిన్న కూతురి కంటే ఎనిమిదేళ్లు చిన్నది. అదే ఏడాది డిసెంబరు 26న కొడుకు పుట్టాడు. ఆ తరువాత మరికొందరు కొడుకులూ ఒక కూతురూ కలిగారు. ఈ పెళ్లిని ముసలితనపు మోజుగా అప్పటి కార్టూన్లు వెక్కిరించాయి. మోజు ఉండవచ్చు, లేకపోవచ్చు, దాన్ని తేల్చడం ఇప్పుడు మన పని కాదు. వంశపు దస్తావేజు దృష్టితో చూస్తే మాత్రం ఆ ఒక్క శిశువు పుట్టుకతో విలియం భవిష్యత్తు తలకిందులైంది, ఆన్సన్‌ల ఇంటా, పెద్దకూతురు రెండో పెళ్లితో చేరిన డిగ్బీల ఇంటా ఉన్న మనవలతో సమాన వయసున్న పసివాళ్లు వారికి మేనమామలయ్యారు. పద్దెనిమిదేళ్ల లేడీ ఆన్‌కు ఇందులో ఎంత ఎంపిక ఉందన్న ప్రశ్న కూడా అడగక తప్పదు. రెండు పెద్ద కుటుంబాల స్నేహం మధ్య జరిగిన ఒప్పందంలో ఆమె మాట ఏమిటో వినబడదు.

పెద్దకూతురు జేన్ రెండో పెళ్లి నౌకాదళాధికారి హెన్రీ డిగ్బీతో జరిగింది. వారి కూతురు జేన్ డిగ్బీ, 1807లో పుట్టిన ఈ మనవరాలు, కుటుంబం గీసిన గీతలన్నీ దాటింది. 17 ఏళ్లకు ఆమెకు ఎలెన్‌బరో ప్రభువుతో పెళ్లి చేశారు. ఆస్ట్రియా రాయబార కార్యాలయంలోని ఫెలిక్స్ ష్వార్జెన్‌బర్గ్‌తో ఆమె సంబంధం బయటపడి, 1830లో పార్లమెంటు ప్రత్యేక చట్టంతో విడాకులయ్యాయి. ఆ భర్తే 1842లో గవర్నర్ జనరల్‌గా కలకత్తాకు వచ్చిన ఎలెన్‌బరో. జేన్ యూరప్ అంతా తిరిగి, చివరకు సిరియాలో బెదూయిన్ నాయకుడు మెద్జుయెల్‌ను పెళ్లాడి, 1881లో దమాస్కస్‌లో కన్నుమూసింది. భూమిలో వాటా లేని ఆడపిల్లకు ఆ కట్టడి నుంచి బయటపడే వీలు కూడా కొంత ఎక్కువని ఆమె జీవితం చూస్తే అనిపిస్తుంది, అందుకు ఆమె చెల్లించిన మూల్యం చిన్నది కాదు.

మిగిలింది బిరుదు. కోక్‌ను ఇంగ్లండ్‌లో బిరుదు లేనివారందరిలో ప్రథముడని పిలిచేవారు, ఆ పేరంటే ఆయనకు ఇష్టం. పైగా లెస్టర్ ఎర్ల్ అనే పేరును 1784లో పిట్ ప్రభుత్వం రేన్‌హమ్ టౌన్‌షెండ్‌ల వారసుడికి ఇచ్చేసింది. తన కుటుంబపు పాత బిరుదు పొరుగింటి ప్రత్యర్థికి పోవడం, అదీ తాను ఓడిన ఏడాదే, కోక్‌కు తీరని అవమానంగా మిగిలింది. కొడుకులు పుట్టాక, పార్లమెంటు నుంచి విరమించాక, 1837లో విక్టోరియా రాణి సింహాసనమెక్కిన కొద్దివారాలకు ఆయన ఆ బిరుదునే అంగీకరించాడు. అప్పటికి టౌన్‌షెండ్‌ల బిరుదు ఇంకా ఉండడంతో హోల్కమ్ లెస్టర్ ఎర్ల్ అని ఊరి పేరు జోడించవలసి వచ్చింది. 83 ఏళ్ల వయసులో ఆయనకు ఆ గౌరవంతో ఒరిగేది తక్కువ. అది పద్నాలుగేళ్ల కొడుకు కోసం తీసుకున్నదని నేను అనుకుంటాను.

కోక్ 1842 జూన్ 30న లాంగ్‌ఫర్డ్‌లో మరణించాడు. లేడీ ఆన్ మరుసటి ఏడాది విగ్ నాయకుడు ఎడ్వర్డ్ ఎలిస్‌ను పెళ్లాడి, 1844లో చనిపోయింది. కౌలుదారులూ అభిమానులూ చందాలు వేసుకొని హోల్కమ్‌లో 120 అడుగుల స్తంభం నిలిపి, దాని పాదాల మూలల్లో డెవన్ ఎద్దు, సౌత్‌డౌన్ గొర్రె, నాగలి, విత్తే యంత్రం చెక్కించారు. కొడుకు, రెండో ఎర్ల్, 1909 వరకూ బతికాడు. తండ్రీ కొడుకుల జీవితాలు రెండూ కలిపితే 1754 నుంచి 155 ఏళ్లు.

మగ వరుస నియమం ఆ ఇంటిని అంతటితో వదల్లేదు. ఐదో ఎర్ల్ 1976లో మరణించినప్పుడు ఆయనకు కూడా ముగ్గురు కూతుళ్లే, వారిలో పెద్దది మార్గరెట్ రాకుమారికి సఖిగా పనిచేసిన ఆన్ గ్లెన్‌కానర్. బిరుదు దక్షిణాఫ్రికా ప్రాంతంలో స్థిరపడిన దాయాది ఆంటొనీ కోక్‌కు వెళ్లింది, హోల్కమ్ నిర్వహణకు ఆయన కొడుకు ఎడ్వర్డ్‌ను ముందే ఇంగ్లండ్‌కు రప్పించారు. సింహాసనం విషయంలో కొడుకులకు ఉన్న ప్రాధాన్యాన్ని బ్రిటిష్ పార్లమెంటు 2013లో రద్దు చేసింది గాని, ఇటువంటి ఎర్ల్ బిరుదులకు ఆ మార్పు వర్తించలేదు.